భయాపాదానము: ఉట్నూరునుగూర్చిన వ్రాతలపై విమర్శ

వ్యాకరణశాస్త్రమున భయమునకు ప్రత్యేకస్థాన మొకటి కలదు. అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ చతుర్థపాదమునందలి 25వ సూత్రము, భయార్థకధాతువులతోడను రక్షణార్థకధాతువులతోడను యోగము కలిగినపుడు భయహేతువునకు అపాదానసంజ్ఞను విధించుచున్నది. భయపడుటయు కాపాడుటయు పరస్పరవిరుద్ధములని లోకమునకు తోచును. సూత్రకారుడు రెంటిని ఒక్క సూత్రమున నిమిడ్చి, రెంటికిని ఒక్కటియే కారకమును చెప్పెను. దొంగకు వెఱచువాని విషయమునను, దొంగ బారినుండి యొకని కాపాడువాని విషయమునను అపాదానము దొంగయే.

భాష్యకారుడగు పతంజలి యింకొక యడుగు ముందునకు వైచి, యీ సూత్రమే అక్కఱలేదనెను. విడిపోవుటయందు నిలుకడగా నున్నది అపాదానమని దీనికి ముందున్న 24వ సూత్రము చెప్పుచున్నది. చెట్టునుండి ఆకు రాలినపుడు చెట్టు అపాదానము. భయమునందును ఇట్టి విడిపాటే కలదని భాష్యకారుని యాశయము. ముందువెనుక లాలోచించు మనుష్యుడు తోడేళ్లు తన్ను చూచినచో చావు నిశ్చయమని తలచి, బుద్ధిచేత వానిని చేరి, బుద్ధిచేతనే మరలి వచ్చును. కాళ్లు కదలలేదు, మనస్సు మాత్రము పోయి వచ్చినది. కాపాడువాడును ఇట్లే చేయును. దొంగలు వీనిని చూచినచో చంపుదురు, కట్టుదురు, బాధింతురు అని తా నెఱిగి, బుద్ధిచేత అచ్చటికి పోయి, వీనిని మరలించును. ఆ కాపాడువానికి భాష్యకారుడు పెట్టిన పేరు సుహృత్తు. ఆయుధపాణి యనలేదు, అధికారి యనలేదు.

ఈ కొలది మాటలలో భయస్వరూపమంతయు నున్నది. హింస జరిగినపుడు కలుగునది నొప్పి, దుఃఖము. జరుగకమునుపే మనస్సు దానియొద్దకు పోయి మరలుట భయము. కావున ఒక యూరిలో ఎన్ని కొట్లాటలు జరిగినవో లెక్కించినంతమాత్రమున ఆ యూరివారి భయము కొలువబడదు. వారి మనస్సు లెచ్చటికి పోయి మరలుచున్నవో చెప్పిననే అది తెలియును. ఉట్నూరునుగూర్చియు, దాని చుట్టుపట్ల సీమనుగూర్చియు వెలువడిన వ్రాతలను ఈ కొలతతో పరీక్షించుట యుక్తము.

ఉట్నూరు ఆదిలాబాదు జిల్లాలోనిది. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థకు కేంద్రస్థానము. రాజ్యాంగపు అయిదవ షెడ్యూలునకు లోబడిన ప్రదేశము. గోండులు, కొలాములు, పరధానులు, తోటీలు, నాయకపోడులు, లంబాడాలు, మైదానములనుండియు మహారాష్ట్రమునుండియు వచ్చి స్థిరపడిన హిందువులును ముస్లిములును ఇచ్చటి సంతలలో ఒకే త్రాసుతో తూచుకొనువారు. ఈ సీమచరిత్రను చెప్పువారు సాధారణముగ నాలుగు తేదీలను చెప్పుదురు. 1940లో జోడెఘాటుకొండలయందు కుమ్రం భీము నిజాము పోలీసులచేత హతుడయ్యెను. 1981 ఏప్రిలు 20, సోమవారము, ఇంద్రవెల్లి సంతనాడు, సభకు అనుమతి లేదని పోలీసులు కాల్పులు జరిపిరి. మృతులు 13 మందియని ప్రభుత్వము చెప్పగా, పౌరహక్కులవారు చెప్పిన సంఖ్య దానికి పెక్కురెట్లు. 2017 డిసెంబరు 15న ఉట్నూరున ఆదివాసులకును లంబాడాలకును నడుమ ఘర్షణలు చెలరేగెను, 144వ సెక్షను విధింపబడెను, ఇంటర్నెట్టు నిలిపివేయబడెను. 2024 ఆగస్టు చివర ఒక ఆదివాసి స్త్రీపై ఘోరమైన దాడి జరిగెనన్న అభియోగముమీద, సెప్టెంబరు 4న, చేరువనున్న జైనూరులో దుకాణములు, ప్రార్థనామందిరములు దగ్ధములయ్యెను; కర్ఫ్యూ వచ్చెను.

తేదీలు నిజములు. అయితే ఊరివాని భయము తేదీలయందు కాక తేదీలనడుమ నివసించును. ఆటో నెక్కబోవుచు నడుపువాడెవడని చూచుట, ప్రొద్దుగూకకమునుపే దుకాణపు తలుపు దించుట, బిడ్డను ఆశ్రమపాఠశాలకు పంపవలెనా వలదా యని తల్లి రెండునాళ్లు తడయుట, ఇవి యే పోలీసుఠాణా పుస్తకమునను చేరవు. భాష్యకారుని మాటలో చెప్పినచో ఇవి యన్నియు బుద్ధిచేత చేరి మరలుటలు.

ఇక పత్రికాభాషను చూతము. అలజడి కలిగినపుడెల్ల దినపత్రికలు మూడు పలుకుబళ్లను వాడుచున్నవి: ఉద్రిక్తత, అవాంఛనీయ సంఘటన, పరిస్థితి అదుపులో నున్నది. ఉద్రిక్తశబ్దమునకు పొంగిపొరలినదని యర్థము. పొంగినది యేది? పాత్రలోని పాలు పొంగినట్లు ఊరు పొంగినదని చెప్పుటచే, నిప్పు పెట్టినవాడును కాలినవాడును వాక్యమునుండి తొలగిపోయిరి. అవాంఛనీయమన్నచోట వాంఛింపనివా డెవడో తెలియదు. పరిస్థితి అదుపులో నున్నదన్నచో అదుపునందున్నది పరిస్థితి యట, మనుష్యులు కారట. ఈ మూడింటను భయపడువాడు లేడు, భయహేతువు లేదు, కాపాడువాడును లేడు. కారకములన్నియు లోపించిన వాక్యమిది. వార్తాహరుడు తొందరలో వ్రాసెనని క్షమింపవచ్చును గాని, ఇట్టి వాక్యమును పదియేండ్లు చదివిన యూరు తన భయమును తానే చెప్పుకొనలేని స్థితికి వచ్చును.

పత్రికాభాషకు మాఱుగ కావ్యభాష యేమైన నక్కఱకు వచ్చునా యని విచారింపగా, అచ్చటను ఒక చిక్కు కలదు. భరతుడు నాట్యశాస్త్రము ఆఱవ యధ్యాయమున భయానకరసమును చెప్పుచు, వికృతధ్వనులు, నక్కల గుడ్లగూబల యఱపులు, పాడుపడిన యిండ్లు, అరణ్యము మొదలగువానిని విభావములుగ చెప్పెను. రసమునకు వర్ణము నలుపు, అధిదేవత కాలుడు. ఈ పట్టికను చేతబట్టుకొని ఉట్నూరునుగూర్చి వ్రాయువారు తఱచుగ పొరపడుచున్నారు. పుటకొక కాఱడవి, పుటకొక గుడ్లగూబ. గోండునకు అడవి పుట్టినిల్లు. అందు ఆతడు దారి తప్పడు. ఆతని భయము అడవి ముగిసి తారురోడ్డు మొదలగుచోట మొదలగుచుండెను. అటవీశాఖవాని చౌకీ, షావుకారి గద్దె, పట్వారి దస్త్రము ఆతనికి విభావములైనవి. నగరవాసికి భయస్థానమైనది ఆతనికి అభయస్థానము. నగరవాసికి అభయస్థానమైనది ఆతనికి భయస్థానము.

దీనికి దండారి యుత్సవము మంచి దృష్టాంతము. దీపావళినాళ్లలో ఒక గూడెమువారు జట్టుగా బయలుదేఱి, డప్పులతోను పాటలతోను ఇంకొక గూడెమునకు అతిథులై పోవుదురు. జట్టులోని గుస్సాడీలు నెమలియీకల పెద్దకిరీటములు ధరించి, ఒడలికి బూడిద పూసికొని, చేత కఱ్ఱ బట్టుకొందురు. వేషమును చూచినచో భరతుని పట్టికకు సరిపోవును. అయినను పసిబిడ్డయు ఆ వేషమునకు వెఱవడు, మ్రొక్కును. మర్లవాయి గూడెపు కనకరాజుగారికి ఈ గుస్సాడీనృత్యమునకై 2021లో పద్మశ్రీ బిరుదు వచ్చెను. 2024లో ఆయన పరమపదించెను. భయంకరవేషమున భయము లేదు. సంతలో ఎదురగు సాధారణవేషమున భయము కలదు. ఈ వైపరీత్యమును చెప్పలేని కవిత్వము ఉట్నూరు కవిత్వము కాదు.

అలంకారశాస్త్రమున ఈ నిత్యభయమునకు తగిన పేరు లేకపోలేదు. అది శంక. ముప్పదిమూడు వ్యభిచారిభావములలో ఒకటి. వ్యభిచారియనగా వచ్చిపోవునది. భయము స్థాయి, శంక సంచారి యని శాస్త్రవ్యవస్థ. ఉట్నూరునందలి విశేషమేమన, అచ్చట పెనుభయము తేదీలతో వచ్చి పోవుచున్నది, శంక నిలిచియున్నది. స్థాయి సంచారియైనది, సంచారి స్థాయియైనది. ఈ తలక్రిందుదనమును పట్టికొన్న రచనయే యథార్థమగును. కాల్పులను వర్ణించుట సులభము. కాల్పులు లేని మంగళవారపు సాయంకాలమున ఇరుగుపొరుగువా రొండొరుల కనుల జూడక నడచుటను వర్ణించుటయే కష్టము.

తెలుగుభాషలో ఇంకొక సూక్ష్మము కలదు. సంస్కృతమున భయహేతువునకు పంచమి, భయపడువానికి ప్రథమ. రెండును కలియవు. తెలుగువాడుకలో 'దొంగలకు భయపడెను' అన్నపుడు దొంగలు భయహేతువు. 'దొంగలకు భయము కలిగెను' అన్నపుడు దొంగలే భయాశ్రయము. విభక్తి యొక్కటే, కారకములు రెండు. పాఠశాలలో బాలురకు ఈ భేదమును చెప్పి విడుచుట వాడుక. 2017 నాటి ఉట్నూరునందు ఈ భేదమే చెఱిగిపోయినది. లంబాడాలకు ఆదివాసులు భయపడిరి. లంబాడాలకు భయము కలిగెను. ఆదివాసులకు లంబాడాలు భయపడిరి. ఆదివాసులకు భయము కలిగెను. నాలుగు వాక్యములును ఏకకాలమున సత్యములు. అయితే ఆనాడు వెలువడిన కరపత్రములును ఉపన్యాసములును ఒక్కొక్క పక్షమువారికి రెండు వాక్యములు మాత్రమే చెప్పి, తక్కిన రెంటిని మఱుగుపఱచినవి. తన భయమును చెప్పుకొనుట తప్పు కాదు. ఎదుటివానికి భయము లేదనుటయే తప్పు.

ఈ వైరమునకు కారణ మున్నది. 1976 నాటి శాసనముచే తెలంగాణములోని లంబాడాలు షెడ్యూల్డు తెగలలో చేర్పబడిరి. మహారాష్ట్రమున వారికి ఆ హోదా లేదు. అచ్చటినుండి పెక్కుకుటుంబములు వచ్చి భూములను, ఉద్యోగములను పొందుచున్నవని ఆదివాసుల వాదము. తరములనుండి తాండాలలో నున్న తమ్ము వలసవారనుట యన్యాయమని లంబాడాల వాదము. రెండు వాదములును న్యాయస్థానమునను శాసనసభయందును వినదగినవే. అవి బజారునకు వచ్చినపుడు ఫలిత మెట్లుండునో 2017 చూపినది. గోండుగూడెముల బడులకు లంబాడా ఉపాధ్యాయులు రాగూడదను నిర్బంధము ఆ సంవత్సరాంతమున పలుచోట్ల కలిగెను. నిన్నటివఱకు అక్షరములు దిద్దించిన చేయి ఒక్కనాటిలో భయహేతువాయెను. ఆ యుపాధ్యాయుడు చేసిన పని యేదియు మాఱలేదు. ఆతనిని చెప్పు నామము మాత్రము మాఱినది. ఆతడు పంతులు కాక లంబాడా యయ్యెను.

ఇచ్చటనే హైమెండార్ఫు పండితుని గ్రంథములు విచారమునకు వచ్చును. జోడెఘాటు ఘటనకు పిమ్మట నిజాముప్రభుత్వము కోరగా ఈ సీమకు వచ్చి, మర్లవాయిలో నివసించి, 1943లో గోండుబాలుర చదువునకు అచ్చట నాంది పలికినవా డాయన. ఆయన సతీమణి 1987లో మరణింపగా మర్లవాయిలోనే సమాధి చేసిరి. 1945లో వెలువడిన ట్రైబల్ హైదరాబాద్ గ్రంథమున భయహేతువులు వృత్తినామములతో చెప్పబడినవి: లంచము గైకొను అటవీశాఖ బంట్రోతు, భూమిని తన పేర వ్రాసికొను పట్వారి, వడ్డీవ్యాపారి. ఏ పనివలన ఏ భయము కలుగునో తేటపడినందుననే దానికి విఱుగుడుగ పట్టాలిచ్చుటయు, గిరిజనప్రాంతములకు ప్రత్యేకనిబంధనలు చేయుటయు సాధ్యమాయెను. 1982లో ప్రచురింపబడిన ట్రైబ్స్ ఆఫ్ ఇండియా యను గ్రంథమున, భూములు పోయిన విధమును చెప్పుచో, వలసవచ్చినవారి జాతినామములును తఱచుగ కానవచ్చును. ఆయన యుద్దేశము ద్వేషము కాదు. కనుల జూచిన దానిని వ్రాసెను. అయినను పనిపేరు పోయి జాతిపేరు నిలిచినపుడు, చదువువాడు కారణమును మఱచి పేరును మాత్రము జ్ఞాపకముంచుకొనును. గ్రంథకర్తకు ఇందు దోషము కొంచెము. పేరును మాత్రము గ్రహించి కారణమును విడిచిన తరువాతి వ్యాఖ్యాతలకు అధికము.

జాతిని భయహేతువుగ నిలుపుట క్రొత్తది కాదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వము నేరజాతుల చట్టమును చేసి, పుట్టుకచేతనే కొన్ని జాతులవారు దొంగలని నిర్ణయించెను. లంబాడాలును పలుచోట్ల ఆ పట్టికకెక్కిరి. ఎనుబదేండ్ల కధికముగ సాగి, 1952లో ఆ చట్టము పూర్తిగ తొలగెను. ఒక జాతిపేరునకు పంచమీవిభక్తిని శాశ్వతముగ తగిలించిన చట్టమది. అట్టి చట్టముచే నలిగినవారిని మరల అట్టి మాటతోనే పిలుచుట యెంత తగనిదో, కారణమడుగక గోండుల యార్తిని అసూయయని కొట్టివేయుటయు అంతియే తగనిది. 2024లో జైనూరులో ఒక మనుష్యునిపై మోపబడిన నేరమునకు వీథిలోని దుకాణములన్నియు అపాదానములైనవి. చట్టము ఒక నేరమునకు ఒక కర్తను వెదకును. భయము ఒక కర్తకు వేయిమంది నామమును తగిలించును.

సాహు, అల్లం రాజయ్యగారలు కూడి రచించిన 'కొమురం భీము' నవల యీ విచారమున ప్రత్యేకముగ పేర్కొనదగినది. కథానాయకుని పేరే వ్యాకరణమునకు సంబంధించినది. ఎవనివలన వెఱతురో వాడు భీముడు. కృత్తులు సాధారణముగ కర్తృకర్మభావములయందు వచ్చునవి కాగా, భీమాదిశబ్దములు అపాదానార్థమున సాధువులని తృతీయాధ్యాయ చతుర్థపాదమున 74వ సూత్రము ప్రత్యేకముగ చెప్పుచున్నది. భయానకశబ్దమును ఆ గణములోనిదే. ఇక ప్రశ్న: భీమునివలన వెఱచిన దెవరు? దొరతనమువారు. గోండులకో, ఆతడు త్రాత. భయధాతువునకు అపాదానమైనవాడే త్రాణధాతువునకు కర్తయైనాడు. ఈ రెండు సంబంధములను విడదీయక నిలిపినపుడే భీముని కథ సార్థకము. నీరు, అడవి, నేల యను మూడింటికై ఆతడు పోరెననుట ప్రసిద్ధము. ఆతని పోరు ఒక పరిపాలనా పద్ధతితోడిది, పొరుగుజాతితోడిది కాదు. 2016లో ఆతని పేర జిల్లా యేర్పడెను. ఆ మఱుసటి యేడే ఆతని పేరును పొరుగువారిని బెదరించుటకు కొందఱు వాడికొనిరి. త్రాతయైనవానిని కేవలము భీమునిగ చేయుట ఆతనికి గౌరవము కాదు. ఆతని పేరులో సగమును మాత్రమే చదువుట.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును. జాతిపేరు చెప్పగూడదన్నచో అన్యాయమును దాచినట్లు కాదా? బలవంతుడు చేసిన తప్పును మనుష్యులందఱిపై పంచి, దుర్బలుని నోరు నొక్కినట్లు కాదా? ఈ యాక్షేపము బలమైనది. ఉద్రిక్తతయను మాటకు చెప్పిన దోషమే యిచ్చటను కలుగునని వాదింపవచ్చును. సమాధానమిది. పేరు చెప్పవలసినదే, ఏ పనికి ఎవడు కర్తయో ఆ కర్తను చెప్పవలెను. 1970లో సవరింపబడి '1/70' అని ప్రసిద్ధమైన భూబదలాయింపు నిబంధనకు విరుద్ధముగ భూమి చేతులు మాఱినచో, మార్చినవానిని, వ్రాసినవానిని, చూచియు చూడనట్లున్న యధికారిని చెప్పవలెను. ఇంద్రవెల్లిని చెప్పునపుడు కాల్పుల నాజ్ఞాపించిన వ్యవస్థను చెప్పవలెను. సామాన్యనామముచే విశేషమును దాచుట యొక దోషము. విశేషదోషమును సామాన్యమునకు అంటగట్టుట రెండవ దోషము. పత్రికలు మొదటి దోషమును చేయుచున్నవి, కరపత్రములు రెండవదానిని చేయుచున్నవి. రెండును కారకభంగములే.

రక్షణశబ్దమును ఈ సీమలో తేలికగ నుపయోగింపరాదు. 1981లో రక్షకభటులని పేరుగలవారే భయహేతువులైరి. కాపాడవలసినవాడును కాపాడదగిన విపత్తును ఒక్కడే యైనపుడు భయపడువానికి నిలువనీడ యుండదు. ఆ గాయము మానకయే 2017లో మరల పోలీసుబలగములు వచ్చినవి. వారు రాకున్నచో ఇంకను నష్టము కలిగెడిదేమో. వచ్చినందున కొట్లాట ఆగినది. అయినను కొట్లాట ఆగుటయు భయము పోవుటయు వేర్వేఱు. 144వ సెక్షను నలుగురు గూడరాదని చెప్పును. నలుగురు గూడి భయము లేక కూర్చుండుట యెట్లో చెప్పలేదు. 2024 జూలైనుండి క్రొత్త నేరవిచారణస్మృతి వచ్చి, ఆ సెక్షను సంఖ్య 163గ మాఱినను జనులు నూటనలుబదినాలుగనియే యనుచున్నారు. సంఖ్యయే భయమునకు పేరైపోయినది.

భాష్యకారుని సుహృత్తు ఇచ్చట నక్కఱకు వచ్చును. ఆతని పని కత్తి బట్టుట కాదు. ఎదుటివాని మనస్సు ఎచ్చటికి పోయి వెఱచుచున్నదో తన మనస్సును అచ్చటికి పంపి చూచుట. గోండు ఉపాధ్యాయుడు తాండాతల్లి రాత్రిభయమును చూడగలిగినపుడు, లంబాడా విద్యార్థి పట్టాలేని గోండుముసలివాని పగటిభయమును చూడగలిగినపుడు, సూత్రమునందలి రెండవభాగము సార్థకమగును. ఈ పనిని చట్టము చేయలేదు. రచన కొంత చేయగలదు. ఇదివఱకు వెలువడిన వ్రాతలలో ఒక్కొక్క పక్షపు భయమును చెప్పినవి కలవు, వానిలో మంచివియు కలవు. రెండు భయములను ఒకే కథలో, ఒకే సంతలో, ఒకే సాయంకాలమున నిలిపి, దేనిని తగ్గింపక చెప్పిన రచన రావలసియున్నది.

అంతవఱకు ఉపాధ్యాయులు చేయదగిన పని యొకటి కలదు. కారకప్రకరణమును చెప్పునపుడు తోడేలును, దొంగను, పులిని ఉదాహరించుట పరిపాటి. వానితోపాటు ఆనాటి పత్రికలోని వాక్యము నొకదానిని పలకపై వ్రాసి, ఇందు వెఱచువా డెవడు, ఎవనివలన, ఏ పనివలన, కాపాడువా డెవడు అని బాలుర నడుగవలెను. బదులు దొరకనిచో వాక్యమును సరిచేయుమనవలెను. ఉట్నూరు బడిలో ఒకే బల్లపై కూర్చుండు గోండు బాలుడును లంబాడా బాలుడును ఆ వాక్యమును కలిసి దిద్దవలసినవారే.